ముక్కు బిగించని బొద్దు విమానం

ముందే చెప్పేస్తున్నాను పిల్లలూ, ఈ కథలో ఒక రాక్షసి ఉంది, రెండు తలల పక్షి ఉంది, కొండంత పసివాడు కూడా ఉన్నాడు. భయపడేవాళ్లు అమ్మ కొంగు పట్టుకుని కూర్చోండి. మధ్యలో "తరవాతేమైంది, తరవాతేమైంది" అని తొందరపెట్టారంటే మాత్రం నాకు చిర్రెత్తుకొస్తుంది. చెప్పేది నేను గనక నా నడకలోనే చెబుతాను.

వింజామర రాజ్యంలో ఒకనాడు గాలి ఆగిపోయింది.

ఆగిపోవడమంటే కాస్త ఉక్కపోసిందని కాదు. పూర్తిగా ఆగిపోయింది. రైతులు కళ్లంలో చేటలెత్తి ధాన్యం తూర్పారబడితే పొట్టూ గింజా కలిసి ఒక్కచోటే పడ్డాయి. పడవల తెరచాపలు ఆరేసిన దుప్పట్లలా వేలాడాయి. మల్లెతీగ విరగబూసినా దాని పక్కన నిలబడితే తప్ప వాసన తెలియలేదు. సముద్రం మీది మేఘాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయి. వాన లేదు, చల్లదనం లేదు, కనీసం ఆకు కదిలిన చప్పుడైనా లేదు. జనం మాట్లాడుకోవడానికి కూడా జంకుతూ గుసగుసలాడేవారు.

ఇదంతా ఎలా మొదలైందో తెలియాలంటే మీకు బొమ్మలవాళ్ల వీధి గురించి చెప్పాలి. ఆ వీధివాళ్లు చేసేది విమానాలు. దేవతలు ఎక్కి తిరిగే విమానాల్లాంటివి అనుకునేరు, అస్సలు కాదు. గుమ్మడికాయలాంటి పొట్ట, దానికి అరచేయంత రెక్కలు, ముందు గుడ్లగూబ కళ్లు, నోటినిండా పళ్లు. ఒకదానికి మీసాలుంటాయి, ఇంకోదానికి ముక్కుపుడక ఉంటుంది. చూస్తే నవ్వాగదు. వాటిని బొద్దు విమానాలు అనేవారు. తేలికైన పొనికి చెక్కతో ముక్కలు చెక్కి, రంగులు వేసి, బుట్టలో సర్ది, చింతగింజల జిగురు ఒక డొప్పలో పోసి, విడివిడిగానే పిల్లలకు ఇచ్చేవారు. పిల్లలు అరుగుల మీద చేరి, వేళ్లకూ జుట్టుకూ జిగురు పూసుకుంటూ వాటిని అతికించుకునేవారు. ఎందుకని అడిగితే ఎందుకూ లేదు, సరదా. అంతే.

మరీ పసిపిల్లలకైతే బొమ్మలవాళ్లే అతికించి ఇచ్చేవారు. అప్పుడు కూడా ఒక్క ముక్క మాత్రం బిగించేవారు కాదు. అది విమానం ముక్కు మీది గాలిచక్రం. బొమ్మ ఎవరిదో వాళ్లే దాన్ని బిగించి ‘ఉఫ్’ మని ఊదాలి. అప్పుడు చక్రం గిర్రున తిరిగి, విమానం పెరడంతా ఒక చుట్టు చుట్టి, తన పిల్లవాడి ఒళ్లో వచ్చి వాలేది. ఇంకొకరి కోసం చేసినదానికి చేసినవాడే చక్రం బిగించేస్తే విమానం ఎగురుతుంది గానీ తిరిగిరాదు. ఎవరి దగ్గరికి రావాలో దానికి తెలియదు కదా పాపం.

ఆ వీధిలో కోదండం అనే యువకుడుండేవాడు. తల్లీతండ్రీ లేరు. నాయనమ్మ నాంచారమ్మ, పదేళ్ల చెల్లెలు ముత్యాలి, అంతే వాడి లోకం. రోజూ పొద్దున్నే చెల్లెలికి తనే జడ వేసేవాడు. ఉలి పట్టిన చేతికి జడ లొంగుతుందా? ఎప్పుడు వేసినా వంకరే. ముత్యాలి ఆ వంకర జడతోనే వీధంతా తిరిగేది.

ఒకరోజు రణకేసరి మహారాజు కోదండాన్ని పిలిపించాడు. "నేను ఎక్కి తిరగడానికి పెద్ద విమానం చెయ్యి. గరుత్మంతుడిలా ఉండాలి. చూసి ఎవడైనా నవ్వాడో, ముందు నీ పని చెబుతాను" అన్నాడు. కోదండం రేయింబవళ్లు పాటుపడి గంభీరమైన విమానం చేశాడు. అంతా అయ్యాక గాలిచక్రం మిగిలింది. మహారాజు చేతులకు జిగురు అంటించమని ఎలా చెప్పడం? భయపడి తానే బిగించేశాడు. సరిగ్గా ఎగురుతుందో లేదో చూద్దామని ఎక్కి కూర్చున్నాడు. విమానం లేచింది, మేడల మీదుగా పోయింది, ఉత్తరాన గాలికొండ వైపు తిరిగింది. మళ్లీ రాలేదు. గాలి ఆగిపోయింది ఆ సాయంత్రమే.

"ఎంత పని చేశాడే వాడు! చేసినవాడే చక్రం బిగిస్తాడా ఎక్కడైనా?" అని నాంచారమ్మ లబోదిబోమంది.

రాజు భటులను పంపాడు. వాళ్లూ తిరిగిరాలేదు. ఇక ఆ కొండ పేరెత్తడానికి కూడా ఎవరికీ ధైర్యం చాలలేదు. అప్పుడు ముత్యాలి మూడు బుట్టల్లో మూడు బొద్దు విమానాల ముక్కలు సర్దుకుని గడప దాటబోయింది.

"ఆగవే! వేలెడంత లేవు, నువ్వెళ్లి ఏం ఉద్ధరిస్తావు?" అని నాయనమ్మ చెయ్యి పట్టుకుంది.

"నువ్వు జడ తిన్నగా వేస్తున్నావు నాయనమ్మా" అంది ముత్యాలి.

"వేస్తే?"

"నాకు వంకర జడే కావాలి."

నాంచారమ్మ కళ్లు తుడుచుకుని, దారిలో తినడానికి అటుకులూ బెల్లమూ మూటగట్టి ఇచ్చింది.

ఊరు దాటితే అడవి. ముత్యాలి ఆ అడవిలోకి ఇదివరకు చాలాసార్లు చెక్క కోసం వచ్చింది. కానీ ఇప్పుడది ఆమెకు తెలిసిన అడవి కాదు. ఆకాశాన్నంటే చెట్లు ఊపిరి బిగబట్టినట్టు నిలబడ్డాయి. రాలిన ఆకు ఇటూ అటూ ఊగకుండా నేరుగా కిందికి దిగి, చెట్టు మొదట్లోనే పడుతోంది. ఎండలో మెరుస్తున్న దుమ్ము రేణువులు గాలిలోనే నిలిచిపోయాయి. వాటిలోంచి నడిచి వెళ్లి వెనక్కి తిరిగి చూస్తే, తను నడిచినంత మేరా తన ఆకారంలోనే ఖాళీ కనబడింది. ముత్యాలి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయింది.

కొంతదూరం వెళ్లాక చెట్ల మధ్య తెల్లటి స్తంభం ఒకటి కనిపించింది. దగ్గరికి వెళితే అది స్తంభం కాదు, హోమం పొగ. కదలడానికి గాలి లేక నిటారుగా ఆకాశందాకా నిలబడింది. దాని పక్కన ఒక ముని కూర్చున్నాడు. ఆయన పేరు మౌనానందుడు. పేరు చూసి మోసపోకండి, నోరు తెరిస్తే మూతపడదు.

"రా తల్లీ, రా! మనిషి ముఖం చూసి ఎన్నాళ్లయిందో! కూర్చో. కొండ మీదికేనా? తెలుసులే. గాలిని ఎవరూ కట్టెయ్యలేదమ్మా, కొండమీద అలిగి కూర్చుంది. ఎందుకో నాకూ తెలియదు. దానికి కోపమొస్తే ఏమని తిడితే అది అయిపోతాం. నన్నోసారి ‘ముసలి కప్పా’ అంది. వానాకాలమంతా బెకబెకలాడాను!"

"మరి మళ్లీ మనిషెలా అయ్యారు తాతా?"

"నా శిష్యుడొకడు కొండెక్కాడు. గాలి చేతిలో నన్ను చూసి ‘ఎంత ముద్దుగా ఉందో ఈ కప్ప’ అన్నాడు, అంతే. ‘ముచ్చటపడ్డావా, తీసుకో’ అని ఇచ్చేసింది. తన చేత్తో తాను ఇస్తేనే శాపం పోతుంది తల్లీ. లాక్కుంటే పోదు, అడిగినా పోదు."

"అడిగితే ఏమవుతుంది?"

ముని పక్కనున్న నీటిగుంట వైపు చూపించాడు. గట్టున కప్పలు వరసగా కూర్చుని ఉన్నాయి. ఒకదానికి గుబురు మీసాలున్నాయి, ఇంకోదాని నెత్తిన చిన్న తలపాగా కూడా ఉంది. "మీ రాజుగారి భటులు. ‘విమానం ఇవ్వు, మనిషిని ఇవ్వు’ అని దూరం నుంచే కొండవైపు కేకేసి అడిగారట" అన్నాడు ముని.

అన్నయ్యను అడగకూడదు, లాక్కోకూడదు. మరి ఎలా? ముత్యాలి దారిపొడవునా అదే ఆలోచిస్తూ నడిచింది. ఏమీ తోచలేదు. తోచకపోయినా కాళ్లు మాత్రం ఆగలేదు.

అడవి చివర పెద్ద లోయ అడ్డం వచ్చింది. తొంగిచూస్తే అడుగు కనిపించదు. అంచున ఒక రాక్షసి కూర్చుని, రెండు తాటిచెట్ల మధ్య కట్టిన ఉయ్యాలను ఊపుతోంది. ఆమె పేరు ఘటోదరి. పొట్ట ఊరి చెరువంత ఉంది, పళ్లు పారల్లా ఉన్నాయి. ఉయ్యాలలో ఆమె పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది.

"ఎవరే అది, దబదబా నడుస్తోంది?" అని రాక్షసి గర్జించింది. "గాలాడక ఉక్కకు పిల్ల నిద్రపోవడం లేదు. అది నిద్రపోక నేనూ నిద్రపోలేదు. నా కళ్లు చూడు, ఎలా ఉన్నాయో! ఈ చిరాకులో నిన్ను నమిలి మింగుతాను, ఏమనుకోకు!"

ముత్యాలి వెనకడుగు వెయ్యకుండా, "మింగుదువుగానిలే అత్తా. ముందు పాపాయిని నిద్రపుచ్చనీ" అంది.

అత్తా అని పిలిచేసరికి రాక్షసికి ఏం చెయ్యాలో తెలియలేదు. ముత్యాలి మొదటి బుట్ట విప్పి అక్కడే చతికిలబడింది. పొట్టకు రెక్కలు అతికించింది, తోక అతికించింది. ముఖం మీద కోరపళ్లు అంటించేసరికి ఘటోదరి వంగి చూసి, "ఇదేంటే, అచ్చం నాలాగే ఉంది!" అని మురిసిపోయింది. చివరికి గాలిచక్రాన్ని ముత్యాలి పాప గుప్పిట్లో పెట్టింది. పాప దాన్ని కాసేపు చప్పరించి, తర్వాత తల్లి సాయంతో సీలకు తగిలించి, బుగ్గలు పూరించి ఊదింది. విమానం గిర్రున లేచి ఉయ్యాల చుట్టూ తిరిగింది. చక్రం తిరిగిన కొద్దీ చల్లటి గాలి పాప ముఖానికి తగిలింది. పాప కిలకిలా నవ్వింది, ఆవలించింది, నవ్వుతూనే నిద్రపోయింది.

ఘటోదరి పారలాంటి పళ్లమీద కన్నీళ్లు జారాయి. "నీకేం కావాలో చెప్పవే కోడలా" అని గుసగుసగా అడిగింది. లోయ దాటాలని చెప్పగానే చెయ్యి చాచి, ముత్యాలిని అరచేతిలో కూర్చోబెట్టుకుని అవతలి గట్టున పువ్వులా దింపింది.

అవతల నిలబడి ఉంది గాలికొండ. నడుం దాకా మేఘాలు చుట్టుకుని ఉన్నాయి. పైన ఏముందో కనబడదు. కొండ రాళ్లన్నీ గోడలా నున్నగా ఉండి, ఎక్కడానికి మెట్టు కాదు కదా, వేలు దూర్చే సందు కూడా లేదు. కొండ కింద గండభేరుండ పక్షి రెక్కలు పరచుకుని పడి ఉంది. దానికి ఒక్క ఒళ్లు, రెండు తలలు. ఆ రెండు తలలూ గొడవపడుతున్నాయి.

"నీ వల్లే ఎగరలేకపోతున్నాం" అంది కుడి తల.

"నా వల్లా? ఎడమ రెక్క నేను ఆడిస్తూనే ఉన్నా. నువ్వే బద్ధకిస్తున్నావ్" అంది ఎడమ తల.

గాలి లేక ఎగరలేకపోతున్నామని రెండిటికీ తెలుసు. ఎవరినో ఒకరిని అనకపోతే తోచదు కదా! ఇంతలో రెండూ ముత్యాలి చేతిలోని బుట్టలు చూశాయి.

"బొమ్మలా? నాకు ఒకటి!" అంది కుడి తల.

"ముందు చూసింది నేను! నాకు!" అంది ఎడమ తల.

ముత్యాలి దగ్గర మిగిలినవి రెండు బుట్టలే. చెరొకటి ఇచ్చేస్తే కొండమీదికి ఒట్టి చేతులతో వెళ్లాలి. ఒక్కటే ఇస్తే రెండు తలలూ పొడుచుకు చస్తాయి. కాసేపు తల గోక్కుని, రెండు బుట్టలూ విప్పింది. ఒకే పొట్టకు ముందొక ముఖం, వెనకొక ముఖం అతికించింది. తోకే లేదు! అటు ముక్కుకు ఒక చక్రం కుడి తల బిగించింది, ఇటు ముక్కుకు ఇంకో చక్రం ఎడమ తల బిగించింది. రెండూ ఒకేసారి ఊదాయి. విమానం ఇటు పోదామని ఒక ముఖం, అటు పోదామని ఇంకో ముఖం లాగి లాగి, ఉన్నచోటే బొంగరంలా తిరిగి, తిరిగి, చివరికి రెండు ముక్కుల మధ్యా ధబేలున పడింది.

రెండు తలలూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి. అచ్చం తమలాగే ఉంది ఆ బొమ్మ! ముందు కుడి తల నవ్వింది, తర్వాత ఎడమ తల నవ్వింది. నవ్వి నవ్వి రెక్కలు టపటపలాడించాయి. చిత్రం! రెండు రెక్కలూ ఇన్నాళ్లకు ఒక్కసారిగా ఆడేసరికి, గాలి లేకపోయినా పక్షి నేల విడిచి లేచింది.

"ఎక్కు పిల్లా, ఎక్కు! ఈ నవ్వు ఆగిపోతే మళ్లీ లేవలేం!" అని రెండు తలలూ ఒకే గొంతుతో అరిచాయి.

అలా ముత్యాలి మేఘాల్లోకి వెళ్లింది. పిల్లలూ, ఆ మేఘాల సంగతి నేను ఎంత చెప్పినా తక్కువే. కురవబోయి ఆగిపోయిన వాన అక్కడ చినుకులు చినుకులుగా గాలిలోనే నిలిచి ఉంది. పూసల దండలు తెగి, పూసలు మాత్రం కింద పడనట్టుంది. ప్రతి చినుకులోనూ ఒక చిన్న సూర్యుడున్నాడు. ముత్యాలి చెయ్యి చాచి ఒకదాన్ని ముట్టుకుంటే వేలిమీద కరిగింది. ఆ క్షణం ఎందుకు వచ్చిందో, ఎక్కడికి పోతోందో కూడా మరచిపోయింది.

మేఘాలు దాటగానే కొండకొన మీద దిగింది. పక్షి ఒక బండమీద వాలిపోయింది. ముత్యాలి తలెత్తి చూసింది.

అక్కడ ఒక పసివాడు కూర్చుని ఉన్నాడు. వాడు కూర్చుంటేనే కొండంత ఉన్నాడు. ఒళ్లంతా నీళ్లలా పారదర్శకంగా ఉంది. వాడిలోంచి అవతలి ఆకాశం కనిపిస్తోంది. వాడి పొట్టలో ఎండుటాకులు, ఈకలు, ఎప్పుడో తెగిపోయిన గాలిపటాలు, ఎవరిదో ఎగిరిపోయిన కండువా, అన్నీ మెల్లమెల్లగా సుళ్లు తిరుగుతున్నాయి. వాడే గాలి. ఇన్నాళ్లూ తన ముఖాన్ని తాకిపోయినవాడు, తన చెమట ఆరబెట్టినవాడు, తన గాలిపటం ఎగరేసినవాడు ఇతడేనా అని ముత్యాలి నోరు తెరుచుకుని ఉండిపోయింది. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

అప్పుడు చూసింది. వాడి ముందు గరుడ విమానం ముక్కలు చెల్లాచెదురుగా ఉన్నాయి. వాటి పక్కనే ఒక కొయ్యబొమ్మ ముక్కలు. చేతులొకచోట, కాళ్లొకచోట. తల మాత్రం పైకి చూస్తోంది. ముక్కు లేని ఆ ముఖం కోదండానిది.

ముత్యాలికి అన్నయ్యా అని కేక పెట్టాలనిపించింది. గుంట గట్టున కప్పలు గుర్తొచ్చి పెదవి కొరుక్కుంది.

"ఎవరు నువ్వు? నా ముక్కలు ముట్టుకోకు!" అన్నాడు పసివాడు. వాడి గొంతులో ఏడుపు జీర ఉంది.

"ముట్టుకోనులే. నా ముక్కలు నాకున్నాయి" అని ముత్యాలి కూర్చుని బుట్టలు బోర్లించింది. మిగిలినవేమిటి? ఒక పొట్ట, రెక్కలు, రెండు తోకలు. ముఖం లేదు, చక్రం లేదు. అయినా జిగురు రాసి అతికించడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావ్?"

"ఏమీ లేదు. ఊరికే, సరదాకి."

పసివాడు కొంచెం ముందుకు జరిగాడు. "అది ఎగురుకుంటూ నా దగ్గరికొచ్చింది" అని విమానం ముక్కలు చూపించాడు. "నా కోసమే వచ్చిందనుకున్నా. నాకెవ్వరూ ఎప్పుడూ ఏమీ ఇవ్వలేదు. లోపలున్నవాడేమో ‘ఇది రాజుగారిది, ముట్టుకోకు’ అన్నాడు. కోపమొచ్చి ‘నువ్వూ బొమ్మవే పో’ అన్నా. బొమ్మయిపోయాడు. ఎలా చేశారో చూద్దామని రెండూ విప్పేశా. మళ్లీ అతకడం రావట్లేదు. అది వచ్చేదాకా ఇక్కణ్నుంచి కదలను."

ముత్యాలికి వాడిమీద కోపం రావలసింది. రాలేదు. వాడు వాళ్ల వీధి అరుగుమీద బొమ్మ పాడైపోయిన పిల్లవాడిలాగే ఉన్నాడు. "నిన్నేమని పిలవను? సుడీ అంటాను, సరేనా? చూడు సుడీ, దీనికి ముఖం లేదు. నువ్వు గీస్తావా?" అంది.

సుడి బండమీది మట్టి వేలికి అద్దుకుని, వంకరటింకర కళ్లు, చెవుల దాకా నోరు గీశాడు. రెండు తోకల బొద్దు విమానానికి చక్రం లేదని చూసి, సుడి తనంతట తానే గరుడ విమానపు పెద్ద గాలిచక్రం తెచ్చాడు. ఒంటికి మించిన ముక్కుతో అది చూడ్డానికి ఎలా ఉందంటే, నాకిప్పుడు తలచుకున్నా నవ్వొస్తోంది. "నువ్వే బిగించి, మెల్లగా ఊదు" అంది ముత్యాలి.

వాడు బిగించి ఊదాడు. ఎన్నాళ్లకో వదిలిన మొదటి ఊపిరి అది. విమానం కొండ దిగి, అడవి మీదుగా పోయి, వింజామర రాజ్యం అంచులు తాకి వచ్చింది. కింద జనం ముఖాల మీద ఒక్క చల్లటి తెమ్మెర తగిలి పోయిందట. విమానం తిరిగి తిరిగి సుడి ఒళ్లో వాలింది.

"నా దగ్గరికే వచ్చింది!" అని వాడు అరిచాడు.

"నీదే కదా మరి. నీకోసమే చేశాను."

సుడి దాన్ని గుండెకు హత్తుకున్నాడు. "నేనూ చేస్తా. దేన్ని చెయ్యను?"

వేలెత్తి చూపిస్తే అడిగినట్టే. "నీ ఇష్టం" అని మాత్రం అంది ముత్యాలి.

సుడి చెయ్యి విమానం ముక్కల మీదికి వెళ్లింది. అక్కడ ఆగింది. మళ్లీ బొమ్మ వైపు వచ్చింది. "ఇది చిన్నది. దీన్ని చేస్తా" అన్నాడు.

వాడు చేస్తుంటే ముత్యాలి ఊపిరి బిగబట్టి చూసింది. ముందు చేతుల చోట కాళ్లు పెట్టాడు. "అటు కాదు, ఇటు" అని చెప్పింది. జిగురు బొట్లు బొట్లుగా కారింది. కుడి చెవి ఎడమ పక్కనా, ఎడమ చెవి కుడి పక్కనా అతికించాడు. అది చెప్పబోయి, వాడి ముఖంలోని సంబరం చూసి ఊరుకుంది. చివరికి ముక్కు మిగిలింది. సుడి దాన్ని ముఖానికి అదమబోయాడు.

"ఆగు సుడీ!" అంది ముత్యాలి. "మా వీధిలో చేసినవాళ్లు చివరి ముక్క బిగించరు. ఎవరికోసం చేశారో వాళ్లకిస్తారు."

"నేను చేసింది నేనే ఉంచుకోకూడదా?"

"ఉంచుకోవచ్చు. నీ ఇష్టం."

సుడి ముక్కును అరచేతిలో పెట్టుకుని చూశాడు. వాడి పొట్టలో తిరుగుతున్న ఆకులూ ఈకలూ అన్నీ ఆగిపోయాయి. ఒక్క మాట అడిగితే చాలు, అన్నయ్య కోసం ప్రాణం కొట్టుకుంటోందని చెబితే చాలు అనిపించింది ముత్యాలికి. రెండు చేతులతో నోరు మూసుకుంది. కళ్లవెంట నీళ్లు మాత్రం ఆగలేదు.

"ఎవరికోసం చేశానంటావ్? నాకెవరున్నారు?" అని సుడి చుట్టూ చూశాడు. కొండ చూశాడు, మేఘాలు చూశాడు. చివరికి ఒళ్లోని రెండు తోకల విమానాన్నీ, ముత్యాలినీ చూశాడు. "నువ్వున్నావు కదా. నీకోసమే చేశా. తీసుకో" అని ముక్కు ఆమె చేతిలో పెట్టాడు.

కన్నీళ్ల మధ్యే ముత్యాలి దాన్ని బిగించింది. కాస్త వంకరగానే కూర్చుంది. ఒంగి మెల్లగా ‘ఉఫ్’ మని ఊదింది. కొయ్య బుగ్గలు వెచ్చబడ్డాయి. పెదవులు కదిలాయి. కోదండం "హా...చ్!" అని తుమ్మి లేచి కూర్చున్నాడు. కళ్లు నులుముకుని చెల్లెల్ని ఎగాదిగా చూశాడు.

"ముత్యాలీ, నీకు జడ ఎవరే వేసింది? ఇంత తిన్నగా ఉందేంటి?"

ముత్యాలి వాడి మెడ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. సుడి కంగారుపడి, "నేను ఇచ్చింది బాగాలేదా?" అని అడిగాడు. "చాలా బాగుంది సుడీ, చాలా బాగుంది" అంది ముత్యాలి ఏడుస్తూనే.

గరుడ విమానానికి చక్రం లేదు గనక సుడే వాళ్లిద్దర్నీ, ముక్కలన్నిటినీ భుజాన వేసుకుని బయల్దేరాడు. గండభేరుండం రెండు తలలతోనూ పాడుతూ వెంట ఎగిరింది. దారిలో ముని ఆశ్రమం మీద ఆగి, "ఈ కప్పలు నీకిచ్చేస్తున్నా తాతా" అన్నాడు సుడి. గుంటలోంచి భటులంతా తడిబట్టలతో లేచారు. అలవాటు చొప్పున రాజధాని దాకా గెంతుతూనే వచ్చారట! వాళ్ల వెనకాలే మేఘాలు వచ్చాయి. నిలిచిపోయిన చినుకులన్నీ ఒక్కసారిగా వింజామర రాజ్యం మీద కురిశాయి. జనం పిచ్చిపట్టినట్టు వానలో గంతులేశారు.

"నా గరుడ విమానం ఏది?" అని రణకేసరి మహారాజు కన్నెర్రజేశాడు. ముత్యాలి ఇంటినుంచి కొత్త ముక్కల బుట్ట ఒకటి తెచ్చి ఆయన ముందు పెట్టింది. రాజు ముందు మీసం దువ్వాడు, తర్వాత ముక్కలు తిప్పి చూశాడు, తర్వాత కిరీటం పక్కన పెట్టి నేలమీద కూర్చున్నాడు. చివరికి గాలిచక్రం బిగించి ఊదితే, గుమ్మడికాయ పొట్ట విమానం సభంతా తిరిగొచ్చి ఆయన ఒళ్లో వాలింది. రాజు నవ్విన నవ్వుకు సభ దద్దరిల్లింది. మీసానికి అంటిన జిగురు మాత్రం వారం దాకా వదల్లేదు.

కోదండానికి చెవులు అటూ ఇటూ, ముక్కు వంకర, అలాగే ఉండిపోయాయి. వాణ్ని ఎవరు చేసుకుంటారని దిగులుపడకండి. కుండలు చేసే ఇంటి అమ్మాయి చిలకమ్మ ఆ చెవులు చూసి పగలబడి నవ్వి, చేసుకుంటే వీణ్నే చేసుకుంటానని పట్టుబట్టింది. పెళ్లికి ఘటోదరి కూడా పాపను చంకనేసుకుని వచ్చింది. వంటవాళ్ల పాట్లు నేను చెప్పను, మీరే ఊహించుకోండి.

ఆ తర్వాత సుడి రోజూ సాయంత్రం ఊళ్లోకి వచ్చేవాడు. ముత్యాలి ఏడాదికోసారి వాడికోసం ముక్కల బుట్ట ఒకటి ఇంటి మేడమీద పెట్టేది.

ఒకనాటి ఉదయం ఆమె మేడెక్కేసరికి, తాను పెట్టని బుట్ట ఒకటి అక్కడుంది. అందులో ఒక బొద్దు విమానం. పాత గాలిపటాల కాగితంతో పొట్ట, ఈకలతో రెక్కలు, ఎవరిదో కండువా చింపి చేసిన తోక. ఒక కన్ను పెద్దది, ఒక కన్ను చిన్నది. జిగురు ఎక్కడపడితే అక్కడ కారి గడ్డకట్టింది. అన్నీ అతికించి ఉన్నాయి. ముక్కు మీది గాలిచక్రం మాత్రం పక్కన విడిగా ఉంది.

ఊళ్లో ఆకు కదలడం లేదు. ఎవరో పైన ఊపిరి బిగబట్టి చూస్తున్నట్టుంది.

ముత్యాలి తన వంకర జడ వెనక్కి వేసుకుని, చక్రం తీసి బిగించి, ‘ఉఫ్’ మని ఊదింది. విమానం వీధంతా తిరిగి, బొమ్మలవాళ్ల ఇళ్లన్నీ దాటి, మెల్లగా వచ్చి ఆమె ఒళ్లో వాలింది. అప్పుడు ఊళ్లోని చెట్లన్నీ ఒక్కసారిగా ఊగాయి.